చెవితో నేర్చిన కదలిక

1920ల చివర్లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఎడ్గార్ ఏడ్రియన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త ఒక గోదురుకప్ప కంటి నరానికి ఎలక్ట్రోడ్లు తగిలించి, అందులో పుట్టే విద్యుత్ స్పందనలను పరిశీలిస్తున్నాడు. అవి మరీ సూక్ష్మమైనవి. వాటిని ఆంప్లిఫయరుతో పెంచి లౌడ్‌స్పీకరుకు కలిపాడు. గది దాదాపు చీకటి. ఉండుండి లౌడ్‌స్పీకరులో గరగరమని మోత. కారణం మొదట అంతుపట్టలేదు. తరువాత తెలిసింది: తను గదిలో అటూ ఇటూ తిరిగినప్పుడల్లా కప్ప కంటికి ఆనుతున్నాడు. ఆ కన్ను చూసినదాన్ని నరం మోసుకొస్తోంది, లౌడ్‌స్పీకరు దాన్ని మోత చేసి తిరిగి అతనికే వినిపిస్తోంది.

నరాల సంకేతాలను మనిషి చెవితో వినడం మొదలుపెట్టిన రోజుల ముచ్చటగా ఈ ఉదంతాన్ని ఆ రంగంవాళ్లు చెప్పుకుంటారు. కదలికల విద్య చరిత్ర రాసేవాడికి ఇందులో వేరే ఆసక్తి ఉంది. ఒక మనిషి కదిలితే ఆ కదలిక అప్పటికప్పుడే శబ్దమై అతని చెవికి వచ్చింది. ఆ శబ్దం విని అతను తన కదలికను దిద్దుకోగలడా? దిద్దుకున్నది శబ్దం ఆగిపోయాక కూడా నిలుస్తుందా? మొదటి ప్రశ్నకు జవాబు తొందరగానే దొరికింది. రెండోదాన్ని సూటిగా అడగడానికే శాస్త్రానికి దశాబ్దాలు పట్టింది. ఆ ఆలస్యమే ఈ వ్యాసానికి ప్రధాన విషయం.

తన పని మోతను తనే వింటూ చేతివాటం దిద్దుకోవడం పాత సంగతే. రంపం దారి తప్పిందని వడ్రంగికి కంటికన్నా ముందు చెవి చెబుతుంది. కూచిపూడి నర్తకి పాదం తాళానికి ముందు పడిందో వెనక పడిందో కాలి గజ్జెలు దాచనివ్వవు. (ఆ గజ్జెలను మాత్రం సాధారణంగా మొదటి పాఠం నాడే కట్టరు, గజ్జెపూజ దాకా ఆగాలి. అందాకా పిల్లకు వినిపించేవి నేల మీద తన అరిపాదం చప్పుడు, గురువు కర్రతో చెక్క మీద వేసే తాళం.) అయితే ఇవన్నీ పనిలోంచే పుట్టే శబ్దాలు. చేయి ముడిచినప్పుడు కండరం బిగుస్తుంది, కానీ మన చెవికి వినిపించేలా ఏ చప్పుడూ చేయదు. చప్పుడు లేని చోట చప్పుడు తగిలించడం ఇరవయ్యో శతాబ్దపు పని.

ఆ పనికి సాధనం 1929లో వచ్చింది. ఏడ్రియన్, అమెరికా నుంచి వచ్చిన డెట్లెవ్ బ్రాంక్ కలిసి ఇంజెక్షన్ సూది లోపల, సూదికి తగలకుండా పూతపూసిన సన్నని తీగను అమర్చారు. ఆ సూదిని కండరంలోకి దించితే తీగ కొనకు దగ్గరగా ఉన్న కొద్ది పోగుల విద్యుత్తు మాత్రమే దొరుకుతుంది. వెన్నుపాములోని ఒక్కో నాడీకణం కండరంలోని కొన్ని పోగులను ఏలుతుంది. ఆ కణాన్నీ దాని పోగులనూ కలిపి మోటార్ యూనిట్ అంటారు. కొద్దిగా బిగిస్తే ఒక యూనిట్ టక్ టక్ టక్ మని ఒకే వరసలో కొట్టుకుంటుంది. ఇంకాస్త బిగిస్తే వేరొక గొంతుతో మరొకటి జతవుతుంది. గట్టిగా బిగిస్తే అన్నీ కలిసి హోరు. తెర మీద గీతలుగా చూస్తే కలగాపులగంగా కనిపించే ఆ గుంపులోంచి కొత్తగా చేరిన వరసను చెవి ఇట్టే పట్టేస్తుందని వాళ్లు గమనించారు. ఏడ్రియన్‌కు 1932లో చార్లెస్ షెరింగ్టన్‌తో కలిసి నోబెల్ బహుమతి వచ్చింది. లౌడ్‌స్పీకరు మాత్రం అప్పటికి పరిశోధకుడి సౌకర్యమే, రోగి కోసమో విద్యార్థి కోసమో పెట్టినది కాదు.

రెండో ప్రపంచయుద్ధంలో అది వైద్యుల చేతికి వచ్చింది. తూటాలకు నరాలు తెగిన సైనికుల కండరాలను ఆక్స్‌ఫర్డ్‌లో గ్రాహం వెడెల్ బృందం సూది ఎలక్ట్రోడ్లతో విని, ఏ నరం చచ్చిందో ఏది కోలుకుంటోందో పసిగట్టింది. ఒక జాతి కండర వ్యాధిలో వినిపించే మోతకు వైద్యులు డైవ్ బాంబర్ అని పేరు పెట్టుకున్నారు, ఏ కాలంలో పెట్టిన పేరో వేరే చెప్పనక్కర లేదు. ఇలాంటి పరీక్షలో వైద్యుడు వినే శబ్దాన్ని మంచం మీది రోగి కూడా వింటాడు. కాలు కదపమంటే కదపలేని మనిషికి, ప్రయత్నించినప్పుడల్లా లౌడ్‌స్పీకరులో చిన్న టక్‌టక్ వినిపిస్తే ఏమనిపిస్తుంది? లాస్ ఏంజిలస్‌లో ఆల్బర్టో మారినాచ్చి ఈ సంగతిని పట్టుకున్నాడు. సహచరుడితో కలిసి 1960లో ప్రచురించిన వ్యాసంలో, పక్షవాతం వంటి వాటితో పడిపోయిన కండరాలను తమ మోత తామే వినే రోగులు తిరిగి దారికి తెచ్చుకోవచ్చని వాదించాడు. స్థానిక వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఆ వ్యాసాన్ని చదివినవాళ్లు ఆనాడు తక్కువే.

ఈలోగా శబ్దం ఆకాశంలో వేరే ఉద్యోగం చేస్తోంది. 1930లలో జర్మనీలోని లోరెంజ్ కంపెనీ, పొగమంచులో విమానం దిగడానికి ఒక రేడియో పుంజాన్ని తయారు చేసింది. దారికి ఒక పక్కకు జరిగితే పైలట్ చెవిలో చుక్కలు, మరో పక్కకు జరిగితే గీతలు. సరిగ్గా నడిమధ్యన ఉంటే రెండూ ఒకదానిలో ఒకటి పొదిగి ఎడతెగని ఒకే స్వరం. అమెరికా విమానమార్గాల్లోనూ దాదాపు ఇదే పద్ధతి ఉండేది. అక్కడ మోర్స్‌లోని ఎ, ఎన్ అక్షరాలు కలిసిపోయి ఒకే స్వరం అయ్యేవి. ఎంతో తెలివైన ఏర్పాటు. కాకపోతే ఇది నడిపించే శబ్దం. వందసార్లు పుంజం వెంట దిగిన పైలట్ కూడా పుంజం లేని చోట అంతకుముందు కన్నా బాగా దిగుతాడని ఎవరూ అనుకోలేదు, అనుకోవాల్సిన అవసరమూ లేదు. నడిపించే శబ్దానికీ నేర్పే శబ్దానికీ ఉన్న ఈ తేడాను ఇంజనీర్లు పట్టించుకోకపోవడం సహజం. తరువాత వచ్చిన మనస్తత్వవేత్తలూ వైద్యులూ పట్టించుకోకపోవడమే వింత.

ఆ మనస్తత్వవేత్తల్లో మొదటగా చెప్పుకోవలసిన పని హార్వర్డ్‌లో జరిగింది. యుద్ధకాలంలో అక్కడి ధ్వని ప్రయోగశాలలో టి. డబ్ల్యు. ఫోర్బ్స్ బృందం, కొలత ముళ్లు చూడకుండా చెవితో విమానం నడపవచ్చా అని పరీక్షించింది. ఈ పథకానికి ఫ్లైబార్ అని పేరు. పరీక్షకు వాడినది లింక్ ట్రైనర్. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్టన్‌లో ఆర్గన్లు, పియానోలు తయారు చేసే కుటుంబంలో పెరిగిన ఎడ్విన్ లింక్ ఆర్గన్ తిత్తులనే వాడి 1929 నాటికి తయారు చేసిన నకిలీ విమానం అది. ఎక్కి కూర్చున్నవాడు కర్ర తిప్పితే తిత్తుల్లో గాలి నిండి, ఖాళీ అయి, బండి ఒరుగుతుంది, తిరుగుతుంది. 1934లో టపా విమానాలు నడపబోయి అమెరికా సైన్యం పైలట్లను వరసగా పోగొట్టుకున్నాక గానీ ఆ బండికి గిరాకీ రాలేదు. అప్పుడు సైన్యం ఆరింటిని కొన్నది. వాద్యాల కార్ఖానాలో పుట్టిన యంత్రం ఎక్కి, స్వరాలు వింటూ ఎగరడం నేర్చుకోవడం చరిత్ర చేసే చమత్కారం.

ఫోర్బ్స్ చేసిన పనిలో విలువైనది శబ్దాలను ఎంచిన తీరు. దిశకు ఒకటి, ఒరగడానికి ఒకటి, వేగానికి ఒకటి అని మూడు విడివిడి మోతలు పెడితే వినేవాడి ధ్యాస ఒకదాని మీదికి పోగానే మిగతా రెండూ జారిపోతున్నాయి. అందుకని మూడింటినీ ఒకే మోతలో కలిపారు. విమానం తిరుగుతుంటే స్వరం ఒక చెవి నుంచి మరో చెవికి పాకుతుంది. పక్కకు ఒరిగితే ఆ పాకే స్వరం స్థాయి మారి, ఒరిగినట్టే తోస్తుంది. వేగం పెరిగితే ఇంజను పుట్‌పుట్ లాంటి చప్పుడు జోరందుకుంటుంది. ఇలా కలిపినదాన్ని విమానం ఎరగనివాళ్లు కూడా కొద్దిపాటి అభ్యాసంతో అందుకోగలిగారని ఫోర్బ్స్ 1946లో రాశాడు. శబ్దం ఏ కదలికకు గుర్తో, ఆ కదలికలాగే అది వినిపించాలి; కంఠస్థం చేయాల్సిన సంకేతంలా ఉంటే పనికిరాదు. ఎనభై ఏళ్ల తరువాత కూడా ఈ రంగంలో ఇంతకన్నా గట్టి సూత్రం లేదనే నా అభిప్రాయం. విమానాల్లో మాత్రం ఫ్లైబార్ నిలవలేదు. పైలట్ చెవి అప్పటికే రేడియో మాటలకూ ఇంజను హోరుకూ అంకితమైపోయింది.

1963లో కథ మళ్లీ కండరానికి వచ్చింది. జాన్ బాస్మాజియన్ 1921లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఆర్మీనియన్ కుటుంబంలో పుట్టి, చిన్నతనంలోనే కెనడా చేరినవాడు. అంటారియోలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణశాస్త్ర ఆచార్యుడిగా ఉండగా, వెంట్రుక కన్నా సన్నని తీగలను సూదితో కండరంలోకి దించి, సూదిని బయటికి లాగేసి, తీగలను లోపలే వదిలే పద్ధతిని తీర్చిదిద్దాడు. ఆ తీగలు ఉన్నట్టే తెలియవు కనుక మనిషి మామూలుగా కదలగలడు. బొటనవేలి మొదట్లోని చిన్న కండరంలో ఈ తీగలు పెట్టి, మోతను లౌడ్‌స్పీకరులోనూ గీతను తెర మీదా చూపిస్తూ, కూర్చున్నవాళ్లను ఒక పని అడిగాడు: వేలిని కదిలీ కదలనంత మెల్లగా బిగించండి, వినిపించే యూనిట్లలో ఒక్కదాన్నే ఉంచి మిగతావాటిని అణచండి.

ఈ కోరికలోని సాహసం ఒక్క క్షణం ఆలోచిస్తే తెలుస్తుంది. వేలు ఎక్కడుందో, ఎంత బిగిసిందో చెప్పే ఇంద్రియజ్ఞానం మనకుంది. వెన్నుపాములోని ఒకానొక నాడీకణం ఇప్పుడు కొట్టుకుందా లేదా అని చెప్పే ఇంద్రియం ఏదీ ప్రకృతి మనకివ్వలేదు. లౌడ్‌స్పీకరు ఆ లోటును భర్తీ చేసింది. పాల్గొన్నవాళ్లు యూనిట్లను గొంతును బట్టి గుర్తుపట్టడం నేర్చారు, ఒకదాన్ని నిద్రపుచ్చి మరోదాన్ని లేపారు. చేయి తిరిగినవాళ్లు ఒకే యూనిట్‌తో డోలు దరువులు, గుర్రపు దౌడు లయలు వాయించారు. అంటే ఒక్క నాడీకణంతో. కొందరు మోత ఆపేసి, తెర కప్పేసినా అడిగిన యూనిట్‌ను రప్పించగలిగారు. ఇదంతా ఆ ఏడాది సైన్స్ పత్రికలో అచ్చయింది. లోరెంజ్ పుంజానికీ దీనికీ ఉన్న దూరం ఇక్కడ కనిపిస్తుంది. శబ్దం వెళ్లిపోయాక కూడా కొందరిలో ఏదో మిగిలింది.

ఎంతమందిలో, ఎన్నాళ్లు? ఆ లెక్క ఎవరికీ ముఖ్యం అనిపించలేదు. అమెరికా అంతా ఉత్సాహంలో ఉంది. 1969లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో బయోఫీడ్‌బ్యాక్ (శరీరం సంకేతాలను ఆ మనిషికే తిరిగి అందించడం) పరిశోధన సంఘం ఏర్పడింది. మెదడు తరంగాలు, ధ్యానం, రక్తపోటు, తలనొప్పి అన్నీ ఆ గొడుగు కిందికి వచ్చాయి. అందులో కొంత శాస్త్రం, కొంత ఆ కాలపు వేడి. కదలికల వైపున నిలకడగా పని చేసినవాళ్లలో బాస్మాజియన్ ఒకడు. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి మారాక, పక్షవాతం తరువాత అడుగు వేసేటప్పుడు పాదం ముందు భాగం లేవక ఈడ్చుకుపోయే రోగుల మీద 1975లో ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించాడు. మొత్తం 20 మంది. సగంమందికి మామూలు వ్యాయామం. మిగతా సగానికి వ్యాయామం సమయాన్ని కుదించి, ఆ మిగిలిన సమయంలో కండరం మోత వింటూ సాధన. రెండో జట్టులో బలమూ పాదం కదిలే మేరా దాదాపు రెట్టింపు మెరుగుపడ్డాయి.

ఆ దశాబ్దంలోనే సూదులూ తీగలూ అక్కరలేని చవక పరికరాలు వచ్చాయి. 1978లో ఫిలడెల్ఫియాలో వాన్‌స్టెట్, హెర్మన్ పక్షవాత రోగుల చెప్పులో బరువు కొలిచే అట్టను పెట్టి, చెడ్డ కాలి మీద ఎంత బరువు మోపుతున్నారో మోతగా వినిపించి, రెండు కాళ్ల మీదా సమంగా నిలబడడం నేర్పారు. మునివేళ్ల మీద నడిచే పిల్లల కోసం 1980లో కాన్రాడ్, బ్లెక్ మడమ కింద స్విచ్చి పెట్టారు. మడమ నేలకు తగిలితే మోగుతుంది. మడమ ఆనించు, మడమ ఆనించు అని తల్లి రోజంతా పోరితే పెడచెవిన పెట్టే పిల్లవాడు, తన అడుగే మోగుతుంటే దాన్ని మోగించడానికి చూస్తాడు. ఇందులో గమనించదగినది ఇంకొకటుంది. మోత వచ్చేది తప్పు చేసినప్పుడు కాదు, ఒప్పు చేసినప్పుడు. తప్పుకు మోగే యంత్రాన్ని పిల్లలే కాదు, పెద్దలూ ఇంటికి వెళ్లగానే అటక ఎక్కిస్తారు.

ఇంత ఆశ రేకెత్తించిన ఈ వైద్యం చివరికి ఏమయింది? 2007లో, వైద్య పరీక్షలను సమీక్షించే కాక్రేన్ సంస్థ కోసం వుడ్‌ఫర్డ్, ప్రైస్ పక్షవాత రోగుల మీద కండర బయోఫీడ్‌బ్యాక్ పరీక్షలన్నీ జల్లెడ పట్టారు. లెక్కకు నిలిచినవి 13 పరీక్షలు, రోగులు మొత్తం 269 మంది. కొన్ని చిన్న పరీక్షల్లో మేలు కనిపిస్తున్నా, అన్నిటినీ కలిపి చూస్తే గట్టి ఆధారం లేదని, పరీక్షలు చిన్నవి, కొలతలు ఒకదానితో ఒకటి పొసగనివి అని తేల్చారు. 1963 నాటి డోలు దరువులకు ఇది పేలవమైన ముగింపులా కనిపిస్తుంది. తప్పు శబ్దానిదా, దాన్ని వాడిన తీరుదా అని అడగాలంటే మనం మరో శాస్త్రం వైపు తిరగాలి.

1959లో జాన్ ఆనెట్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త ఒక సాదా ప్రయోగం చేశాడు. మీటను నిర్ణీత ఒత్తిడితో నొక్కాలి. నొక్కుతున్నంతసేపూ ఒత్తిడి ఎంతో తెర మీద కనిపిస్తుంటే జనం వెంటనే తప్పులేకుండా నొక్కారు. తెర తీసేస్తే ఆ నైపుణ్యం కుప్పకూలింది. వాళ్లు నేర్చుకున్నది తెర చూడడమే. వేలి ఒత్తిడి వేలికి తెలియనేలేదు. ఈ పరిశీలన పాతికేళ్లు ఒక మూలన పడి ఉంది. 1984లో సాల్మోనీ, రిచర్డ్ ష్మిట్, వాల్టర్ పాత ప్రయోగాలన్నిటినీ మళ్లీ చదివి, రంగం మొత్తాన్ని కదిలించిన వాదన చేశారు. సాధన జరుగుతుండగా కనిపించే ప్రగతి నేర్చుకోవడానికి సాక్ష్యం కాదు. ఫీడ్‌బ్యాక్ తీసేసి, కొంతకాలం ఆగి పరీక్షించాలి. అలా పరీక్షిస్తే, ఎక్కువ ఫీడ్‌బ్యాక్ ఇచ్చినకొద్దీ మనిషి దాని మీదే ఆనుకుంటాడు, తన కీళ్లు, కండరాలు చెప్పేదాన్ని పట్టించుకోడు. 1990లో కారొలీ విన్‌స్టీన్, ష్మిట్ ఇంకో అడుగు వేశారు. ప్రతి ప్రయత్నం తరువాతా ఫలితం చెప్పినవాళ్లకన్నా, సగం ప్రయత్నాలకే చెప్పినవాళ్లు తరువాతి పరీక్షలో మెరుగ్గా చేశారు. ఈదడం నేర్పేటప్పుడు సొరకాయ బుర్రలు ఎప్పుడు విప్పాలో మన పల్లెల్లో పెద్దవాళ్లకు తెలిసినంతగా, ఫీడ్‌బ్యాక్ ఎప్పుడు తీసేయాలో ప్రయోగశాలలకు అప్పటిదాకా తెలియలేదు.

అయితే ఆనెట్ చూపించినది తెర. చెవికీ ఇదే శాపం వర్తిస్తుందా? దీనికి నేను చదివినవాటిలో అన్నిటికన్నా సూటి జవాబు బెల్జియంలోని లూవెన్ నుంచి 2011లో వచ్చింది. రొనో రాన్స్, స్టెఫాన్ స్విన్నెన్ బృందం రెండు మణికట్లనూ ఒకే వేగంతో, కానీ ఒకటి మరోదానికన్నా పావు ఆవృత్తం ముందుండేలా ఊపమన్నారు. చేతులు రెండూ కలిసి ఊగడానికో ఎదురెదురుగా ఊగడానికో మొగ్గుతాయి కనుక ఇది ఎవరికీ పుట్టుకతో రాదు, రోజుల తరబడి సాధించాలి. ఒక జట్టుకు చేతుల కదలిక తెర మీద బొమ్మగా కనిపించింది. సరిగా చేస్తే వృత్తం వస్తుంది. రెండో జట్టుకు చేతుల కదలికే స్వరాల లయగా వినిపించింది. సరిగా చేస్తే లయ సమంగా పడుతుంది. రెండు జట్లూ నేర్చాయి. ఫీడ్‌బ్యాక్ తీసేశాక తేడా బయటపడింది. బొమ్మ చూసినవాళ్లు తడబడ్డారు. లయ విన్నవాళ్లు దాదాపు అంతే బాగా కొనసాగించారు. మెదడు స్కానులు కూడా ఈ మాటనే బలపరిచాయి. సాధన ముదిరేకొద్దీ, చెవి జట్టులో ఇంద్రియాలకు సంబంధించిన భాగాల పని తగ్గింది. కంటి జట్టులో అలా తగ్గలేదు.

కారణం ఏమై ఉంటుంది? నా ఊహ ఇది. బొమ్మ చేతుల బయట, తెర మీద ఉంటుంది. దాన్ని చూస్తూ చేతులను మరచిపోవచ్చు. లయ కాలంలో ఉంటుంది, కదలిక కూడా కాలంలోనే ఉంటుంది. విన్న లయను మనసులో తిరిగి పాడుకోవచ్చు, శబ్దం ఆగిపోయినా ఆ పాట ఆగదు. దీన్ని ఒక్క ప్రయోగం మీద కట్టిన సిద్ధాంతంగా కాక, ఒక దిశగా మాత్రమే తీసుకోవాలి.

ఆ దిశలో అప్పటికే కొందరు నడుస్తున్నారు. అంకెలను శబ్దంగా మార్చే విద్యకు 1992లో గ్రెగరీ క్రామర్ శాంటా ఫేలో మొదటి అంతర్జాతీయ సమావేశం జరిపాడు. దాన్ని క్రీడలకు మళ్లించినవాళ్లలో ముందున్నవాడు జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ ఎఫెన్‌బర్గ్. ఒకరు పైకి ఎగురుతుంటే పాదాలు నేల మీద మోపే బలాన్ని స్వరంగా మార్చాడు. ఎగిరినదాన్ని చూసినవాళ్లకన్నా, చూస్తూ విన్నవాళ్లు ఎత్తును బాగా అంచనా కట్టారు, తాము ఎగిరి దాన్ని బాగా అనుకరించారు. ఇది 2005 నాటి మాట.

అందరిలోకీ నాకు ఎక్కువగా నచ్చిన ఉదాహరణ హాంబర్గ్‌లో నీనా షాఫర్ట్, క్లౌస్ మాటెస్ చేసిన పడవల పని. రోయింగ్ పందెంలో పడవ నున్నగా సాగిపోతున్నట్టు ఒడ్డున ఉన్నవాళ్లకు కనిపిస్తుంది. నిజానికి అది ప్రతి తెడ్డువేటుకూ ముందుకు దూకి, జంకి, మళ్లీ దూకుతుంది. ఎనిమిది మంది పురుషులు నడిపే పడవ కనీస బరువు 96 కిలోలు. అందులో కూర్చున్నవాళ్ల బరువు దానికి ఏడెనిమిది రెట్లు. ఆ మనుషులు చక్రాల పీటల మీద ముందుకూ వెనక్కూ జారుతుంటారు. తెడ్డు నీళ్లలోంచి లేచాక పడవ వెనక కొస వైపు జారి, కాళ్లు ముడిచి, తరువాతి వేటుకు సిద్ధపడాలి. ఆ జారడంలో తొందరపడితే, చివర్లో కాళ్లు తన్నిన తన్నుకు పడవ వేగం ఒక్కసారిగా విరుగుతుంది. కోచ్ మోటారు పడవలోంచి ఎంత అరిచినా, ఆ విరుపు ఏ క్షణంలో జరిగిందో రోయర్‌కు మాటల్లో అందదు. చెప్పేలోపు ఆ వేటు అయిపోతుంది.

షాఫర్ట్ బృందం పడవకు త్వరణం కొలిచే పరికరం బిగించి, ఆ కొలతను స్వరస్థాయిగా మార్చి, స్పీకర్లలో జట్టుకు వినిపించింది. ముందుకు దూకితే స్వరం లేస్తుంది, విరిగితే దిగుతుంది. పడవ తన ఒడుదొడుకును తనే పాడుతున్నట్టన్నమాట. ఎవరికీ పాఠం చెప్పనక్కర లేకపోయింది. జర్మనీ జూనియర్ జట్లతో మోత పెట్టి కొంత దూరం, ఆపి కొంత దూరం నడిపించి చూస్తే, మోత ఉన్నప్పుడు సగటు వేగం పెరిగింది. ఎనిమిది మందికీ ఒకే శబ్దం అందడం ఇందులో మరో మేలు. తెర పెడితే ఎవరి తెర వాళ్లదే. ఫోర్బ్స్ సూత్రం ఇక్కడ నీళ్ల మీద నిలిచింది. కానీ ష్మిట్ ప్రశ్న కూడా అక్కడే నిలిచి ఉంది. మోత ఉన్నప్పుడు వేగం పెరగడం ఒక ఫలితం. అది లేని రోజున ఏం మిగిలిందన్నది వేరే ఫలితం.

ఆ రెండో ఫలితాన్ని పట్టించుకున్న పరీక్షలూ ఉన్నాయి. 2004లో ఫిన్లండ్‌లో కొంటినెన్ బృందం తుపాకి గురి ఎలా నిలుస్తోందో స్వరంగా వినిపిస్తూ శిక్షణ ఇచ్చి, అది ముగిసిన చాలా రోజుల తరువాత, శబ్దం లేకుండా మళ్లీ పరీక్షించింది. విన్నవాళ్ల గురి నిలిచింది. మార్సెయ్‌లో జెరెమీ డానా, జాన్-లూక్ వెలే రాత కష్టమైన పిల్లల కలానికి శబ్దం తగిలించారు: కలం సాఫీగా సాగితే రాపిడి సవ్వడి, కుదుపులు పడితే చిటపటలు. అక్షరం అందం మీద పడే చూపును అక్షరం నడక మీదికి మళ్లించడం వాళ్ల ఉద్దేశం. న్యూయార్క్‌లో ఎముకల శస్త్రవైద్యుడు మార్టిన్ లెవీ, డాల్ఫిన్ల శిక్షణలో పేరుపొందిన కారెన్ ప్రయర్ వంటివాళ్లతో కలిసి, వైద్య విద్యార్థులకు ముడులు వేయడం క్లిక్ శబ్దంతో నేర్పాడు. పనిని చిన్న మెట్లుగా విడదీసి, మెట్టు సరిగా పడితే ఒక క్లిక్. పడకపోతే ఏమీ ఉండదు. మందలింపూ ఉండదు, మెచ్చుకోలూ ఉండదు. 2016లో అచ్చయిన ఫలితం ప్రకారం, చేసి చూపించి నేర్పిన జట్టుకన్నా ఈ జట్టు ముడి కచ్చితంగా వచ్చింది.

2013లో జూరిక్‌కు చెందిన సిగ్రిస్ట్, రౌటర్, రీనర్, వోల్ఫ్ ఈ సాహిత్యమంతా సమీక్షించారు. వాళ్లు చూపిన సవరణ ఒకటి ముఖ్యం. ఆనెట్ మీట లాంటి సులువైన పనుల్లో వెన్నంటి ఉండే ఫీడ్‌బ్యాక్ చెరుపు చేసినా, నిజ జీవితపు సంక్లిష్ట కదలికల్లో మొదటి రోజుల్లో అది మేలే చేస్తుంది. చేయి తిరిగేకొద్దీ తగ్గించుకుంటూ పోవాలి. కంటికి సంబంధించిన పరీక్షలు కుప్పలుగా ఉండగా చెవికి సంబంధించినవి తక్కువని కూడా వాళ్లే రాశారు.

ఇప్పుడు త్వరణం కొలిచే చిప్పు ప్రతి ఫోనులోనూ ఉంది. నడకకు, యోగాసనానికి, క్రికెట్ బ్యాటు ఊపుకు, పక్షవాతం తరువాత చేయి లేపడానికి మోగే యాప్‌లూ పరికరాలూ అంగట్లోకి వస్తున్నాయి. వాటి ప్రకటనల్లో చూపించే అంకెలు దాదాపు ఎప్పుడూ మోత ఉన్నప్పటివే. మన ఫిజియోథెరపీ విభాగాలకూ, క్రీడా అకాడమీలకూ, ఇంట్లో రోగి కోసం వేలు పోసి పరికరం కొనే కుటుంబాలకూ ఒకటే మనవి. కొనేముందు అమ్మేవాణ్ణి రెండు ప్రశ్నలు అడగండి: మోత ఆపి వారం తరువాత పరీక్షించారా, ఏ రోజు నుంచి దాన్ని తగ్గించాలో మీ పుస్తకంలో రాసి ఉందా? రెండింటికీ జవాబు లేకపోతే ఆ పరికరం కొనకండి.